గుమ్మఘట్టలో ఒక గంట తేడా

రాయదుర్గంలో బస్సు మారి గుమ్మఘట్ట వైపు వెళ్లేవారికి కిటికీలోనుంచి ఎక్కువగా కనిపించేది ఆకాశమే. చెట్లు తక్కువ. ఎర్రనేల, దూరాన బండలు పేర్చినట్టుండే బోడి గుట్టలు. వాన సమయానికి కురిస్తే జూలై, ఆగస్టు నెలల్లో శెనక్కాయ చేలు నేలంతా పచ్చగా కప్పేస్తాయి. కురవకపోతే అదే నేల మీద గొర్రెలు గడ్డిపోచలు ఏరుకుంటూ తిరుగుతాయి. అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. సగటు అనే మాట పుస్తకంలో బాగానే ఉంటుంది. విత్తనం వేసిన తరువాత నలభై రోజులు మబ్బు జాడ లేకపోతే ఆ సగటు ఎవరి కడుపూ నింపదు.

ఈ మండలంలోనే వేదవతి నది మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. హగరి అని కూడా పిలిచే ఈ నదికి ఇక్కడ 1961లో ఆనకట్ట కట్టారు. ఎగువన కర్ణాటకలో 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం ఉంది. ఆ పై జలాశయం 1933లో ఒకసారి నిండి పొర్లింది. మళ్లీ పొర్లింది 2022లోనే. మధ్యలో ఎన్ని తరాలు గడిచాయో చూడండి. నీటి కోసం అంతకాలం కాచుకున్న జనానికి గంట ముందు, గంట వెనుక అనేది ఒక లెక్కా అని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఆ ఒక గంట గురించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నెలకు రెండు మార్లు గృహదర్శనాల నిమిత్తం నేను ఆ వైపు వెళ్తుంటాను. సరిహద్దు దగ్గరే గనుక తెలుగులో మొదలైన మాట కన్నడంలో ముగుస్తుంది. ఎవరూ దాన్ని పట్టించుకోరు. అక్కడి పెద్దలు సమయాన్ని గంటల్లో చెప్పడం అరుదు. "బారెడు పొద్దెక్కినాక రాండి అయ్యగారూ" అంటారు. "పొద్దు వాలినాక మాట్లాడుకుందాం" అంటారు. ప్రార్థన కూటం ఎప్పుడంటే "పొద్దు మునిగినాక". నవంబరు చివర ఆరు కాకముందే పొద్దు మునుగుతుంది. జూలై మొదట్లో దాదాపు ఏడు అవుతుంది. కూటం కూడా దానితోబాటే ముందుకూ వెనుకకూ జరుగుతుంది. ఎవరూ ఆలస్యంగా వచ్చినట్టు కాదు, ఎవరూ ముందుగా వచ్చినట్టూ కాదు.

పరిశుద్ధ గ్రంథంలో మూడవ గంట, ఆరవ గంట, పదకొండవ గంట అని చదువుతుంటాం. ఆ కాలంలో సూర్యోదయం నుండి అస్తమయం వరకు గల పగటిని పన్నెండు భాగాలు చేసి ఒక్కొక్క భాగాన్ని గంట అనేవారు. గనుక వేసవిలో గంట పొడుగు, చలికాలంలో గంట పొట్టి. ద్రాక్షతోటలోకి పదకొండవ గంటకు పనికి వచ్చినవాడంటే పొద్దు మునగడానికి ఇంక ఒక్క గంట ఉందనగా వచ్చినవాడన్నమాట. ఈ సంగతి గుమ్మఘట్టలో చెబితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. "అంతే కదా" అన్నారు.

నిజానికి గుమ్మఘట్ట పొద్దుకూ గడియారానికీ ఎప్పుడూ తేడా ఉంది. మన దేశ ప్రామాణిక కాలానికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన రాష్ట్రంలో కాకినాడ ప్రాంతం మీదుగా పోతుంది. గుమ్మఘట్ట దాదాపు 77 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్క వేస్తే ఇక్కడి పొద్దు గడియారం కంటే సగటున 22 నిమిషాలు వెనుక. మన పాత లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు. అంటే ఇంచుమించు ఒక గడియ. ఫిబ్రవరిలో ఈ తేడా అరగంట దాటుతుంది, నవంబరు మొదట్లో బాగా తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం కర్ర పాతి నీడ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. పన్నెండు కొట్టినప్పుడు నీడ ఇంకా పడమటి వైపే ఉంటుంది.

ఈ ఒక్క కాలం దేశమంతటికీ రావడం కూడా అంత పాత సంగతి కాదు. మద్రాసు నక్షత్రశాలను 1792లో కట్టారు. అక్కడి ఖగోళ శాస్త్రజ్ఞుడు గోల్డింగ్‌హామ్ 1802లో లెక్క కట్టిన ప్రకారం మద్రాసు కాలం గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. తరువాత రైళ్లు ఆ మద్రాసు కాలం ప్రకారమే నడిచాయి. 1906 జనవరి 1 నుండి ఐదున్నర గంటల ప్రామాణిక కాలం వచ్చింది. కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ సొంత కాలాన్ని వదులుకోలేదు. పెద్ద పట్టణాలకు పట్టుదల చెల్లుతుంది. గుమ్మఘట్టను ఎవరూ అడగలేదు, గుమ్మఘట్ట ఎవరికీ చెప్పలేదు. పొద్దును చూసుకుంటూ ఉండిపోయింది.

ఇలాంటి ఊరికి అమెరికా గడియారంతో ఏమి పని అని మీరు అడగవచ్చు. వాన లేని ఊరి పిల్లలు దూరం పోతారు. మొదట బళ్ళారి, తరువాత బెంగుళూరు; చదువు కలిసివస్తే డల్లాస్, న్యూజెర్సీ. మట్టి మిద్దె మీద పెంకులు సర్దుకోలేని ఇంట్లో కూడా ఇప్పుడు బొమ్మ కనిపించే ఫోను ఉంది.

ఒక మార్చి నెలలో ఒక అవ్వ నన్ను నిలబెట్టి అడిగింది. "అయ్యగారూ, మా మనవడు దినామూ పొద్దున ఏడున్నరకు ఫోను చేస్తాండె. ఇప్పుడు ఆరున్నరకే చేస్తాండాడు. అది నేను పాలు పిండే యాళ. ఎందుకురా అంటే, మేము గడియారం తిప్పినామవ్వా అంటాడు. వాళ్లు గడియారం తిప్పితే పొద్దు కూడా తిరుగుతాదా?"

ఆహాజు గడియారపలక మీద నీడ పది మెట్లు వెనుకకు పోయిన సంగతి అవ్వకు తెలుసు. హిజ్కియా కథ ఆమె ఎన్నోమార్లు విన్నది. అది వేరు, ఇది వేరు అని చెప్పి కూర్చున్నాను. ఆమె ఆవు కూడా మా పక్కనే నిలబడి ఉంది. దానికీ ఈ సంగతి అవసరమే మరి.

సంగతేమంటే, భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనకు పగలు పెద్దగా పెరగదు, తరగదు. గుమ్మఘట్టలో జూన్‌లో అతి పొడుగైన పగలు దాదాపు 13 గంటలు. డిసెంబరులో అతి పొట్టిది పదకొండుంబావు. డల్లాస్‌లో అదే 14 గంటల 20 నిమిషాలు, 10 గంటలు. న్యూయార్క్‌లో 15, తొమ్మిదింబావు. లండన్‌లో పదహారున్నర, 8. లండన్‌లో గడియారం తిప్పకపోతే జూన్‌లో తెల్లవారుజాము నాలుగు కాకముందే పొద్దు పొడుస్తుంది. జనం అప్పటికి నిద్రలో ఉంటారు, వెలుతురంతా వృథా. గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపితే అదే వెలుతురు సాయంత్రానికి చేరుతుందని వారి ఆలోచన. దుప్పటి ఒక కొస కత్తిరించి రెండో కొసకు కుట్టినట్టు అని వెక్కిరించేవారూ ఉన్నారు.

దీన్ని ప్రతిపాదించినవారిలో ఒకరు న్యూజిలాండ్‌కు చెందిన జార్జి హడ్సన్. ఆయన పోస్టాఫీసు ఉద్యోగి. పని అయిపోయాక పురుగులను సేకరించడం ఆయన ఇష్టం. సాయంత్రం వెలుతురు చాలడం లేదని 1895లో గడియారాన్ని రెండు గంటలు జరపమన్నాడు. ఇంగ్లండులో ఇళ్లు కట్టించే విలియం విలెట్ 1907లో దీని మీదనే ఒక చిన్న పుస్తకం వేశాడు. ఆయన 1915లో చనిపోయాడు. కోరిక తీరడం చూడలేదు. యుద్ధంలో బొగ్గు ఆదా చేయడానికి 1916 ఏప్రిల్ 30న జర్మనీ మొదట గడియారం తిప్పింది, వెనువెంటనే బ్రిటన్, 1918లో అమెరికా.

ఇది రైతుల కోసం పెట్టారని అమెరికాలోనే చాలామంది అనుకుంటారట. అది సరి కాదు. రైతులే దీన్ని గట్టిగా ఎదిరించారు. మంచు ఆరనిదే గడ్డి కోయలేం, ఆవు తన వేళకే పాలిస్తుంది, గడియారం ముందుకు పోతే కూలివాడు పని మధ్యలో దిగిపోతాడు అన్నారు. వారి ఒత్తిడి వల్లనే 1919లో అక్కడి కాంగ్రెసు, అధ్యక్షుడు విల్సన్ వద్దన్నా వినకుండా ఆ చట్టాన్ని రద్దు చేసింది. తరువాత అది వేరే దారుల్లో తిరిగి వచ్చింది. ఆ రైతుల మాటా మా అవ్వ మాటా ఒకటే. నూరేళ్ల ఎడమ, సముద్రాల ఎడమ ఉన్నా ఆవు ఒకటే గదా!

మన గడియారాలు కూడా ఒకసారి తిరిగాయి. ఇది ఇప్పటివారికి చాలామందికి తెలియదు. రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబరు 1 నుండి 1945 అక్టోబరు 15 వరకు దేశమంతటా ప్రామాణిక కాలాన్ని ఒక గంట ముందుకు జరిపారు. అప్పటికి రాయదుర్గం తాలూకా మద్రాసు రాజధానిలో బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అనంతపురం జిల్లాలో కలిసింది. ఆ మూడేళ్లూ ఈ పీఠభూమి మీద పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో సగటున ఒంటిగంట ఇరవై రెండు నిమిషాలు. రైలు వేళ, కచేరీ వేళ, బడి వేళ అన్నీ ఆ గంట జరిగాయి. జాతకాలు చూసేవారికి ఇప్పటికీ దాని తంటా తప్పలేదు. ఆ మూడేళ్లలో పుట్టినవారి సమయంలోనుంచి ఒక గంట తీసివేయాలో వద్దో, రాసినవాడు ఏ గడియారం చూసి రాశాడో తెలియాలి. జాతకాల మీద నాకు నమ్మకం లేదు, మీకు తెలిసినదే. అయినా ఒక్క గంట ఎన్నేళ్లు వెంటాడుతుందో చూపడానికి ఈ మాట చెప్పాను.

ఇప్పుడు మరొక ఇంటి సంగతి. అది 2022 నవంబరు. శనివారం రాత్రి ఆ ఇంటి పెద్దాయన ప్రభువునందు నిద్రించాడు. కూతురు డల్లాస్‌లో ఉంది. చిన్న పిల్లలు, సెలవు, టికెట్టు అన్నీ కుదిరి రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అన్ని రోజులు ఉంచే వీలు లేదు. సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఇంటి దగ్గరనుండి బయలుదేరాలని పెద్దలు నిర్ణయించారు. కూతురు ఫోనులో చూస్తూ తండ్రిని సాగనంపుతుందని అనుకున్నారు. ఆదివారం ఉదయం మేనల్లుడు ఆమెతో మాట్లాడి లెక్క చెప్పాడు: "మనకు పదకొండు అంటే నీకు రాత్రి పన్నెండున్నర అక్కా." ఆ పూటకు ఆ లెక్క సరైనదే. అది చెప్పినప్పుడు అక్కడ ఇంకా శనివారం రాత్రి.

ఐస్ పెట్టె చుట్టూ చాపలు వేసి జనం కూర్చుని ఉన్న ఆ ఆదివారం మధ్యాహ్నమే, మన పన్నెండున్నరకు, డల్లాస్‌లో తెల్లవారుజామున రెండు కొట్టవలసిన గడియారాలు వెనక్కు వెళ్లి మళ్లీ ఒకటి చూపించాయి. నవంబరు మొదటి ఆదివారం అక్కడ వేసవి గంట ముగిసే రోజు. ఇక్కడ ఎవరికీ తెలియదు. అక్కడ ఆ బిడ్డకు తెలిసి ఉన్నా, తండ్రి పోయిన దినాన గడియారం ఎవరు తలచుకుంటారు?

రెండు రాత్రులు నిద్ర లేనందున ఆమె పన్నెండుకు అలారం పెట్టుకుని కాసేపు నడుము వాల్చింది. ఇంకే పిలుపూ మోగకుండా ఫోను నొక్కిపెట్టింది. ఫోను ఏమీ తప్పు చేయలేదు. దానంతట అదే గంట వెనక్కు తిప్పుకుంది, అడిగిన పన్నెండుకే మోగింది. ఆ పన్నెండు మన పదకొండున్నర. ఆమె లేచి, మొహం కడుక్కుని, పిల్లలను పక్కింట్లో దించి, తెల్లచీర కట్టుకుని పన్నెండున్నరకు ఫోను తెరిచింది. మనకు మధ్యాహ్నం పన్నెండు.

మేము పదకొండుకు పిలిచాం, మళ్లీ పిలిచాం. పావుగంట ఆగాం. మొలకాల్మూరు నుండి వచ్చిన బంధువులకు తిరుగు బస్సు ఉంది. ఎండ ముదురుతున్నది. సమాధుల తోట ఊరికి బయట. అక్కడ ఫోనుకు సిగ్నలు సరిగా అందదు. పెద్దలు ఇక ఆగలేమన్నారు. ఆమె ఫోను తెరిచే వేళకు మేము మట్టి వేసి తిరిగి వస్తున్నాం. దారిలో మేనల్లుడి జేబులో ఫోను మోగింది. అతడు తీసి చూశాడు, మాట్లాడలేకపోయాడు, నా చేతికి ఇచ్చాడు. నాకూ చెప్పడానికి ఒక్క మాటే ఉంది.

ఎవరో ఒక కుర్రవాడు తన ఫోనులో తీసిన ఇరవై నిమిషాల బొమ్మ తరువాత ఆమెకు పంపారు. గాలి శబ్దం తప్ప అందులో ఏమీ సరిగా వినబడదు. తల్లి మాత్రం చాలా రోజులు ఒక మాటే అడుగుతూ వచ్చింది: "ఆ గంట యాడికి పోయినట్టయ్యా?"

నేను తరువాత చదివి, చదువుకున్న పిల్లలను అడిగి తెలుసుకున్నదేమంటే, ఈ గంట యంత్రాలకు కూడా సులభం కాదు. కంప్యూటరు లోపల మన గంటలు ఉండవు. 1970 జనవరి 1 నుండి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కించుకుంటూ పోతుంది, అంతే. దాన్ని ఊరి గడియారంగా మార్చి చూపడానికి ఒక పెద్ద పట్టిక వాడుతుంది. ఏ దేశం ఏ రోజు గడియారం తిప్పింది, ఎప్పుడు మానింది అన్నీ ఆ పట్టికలో ఉంటాయి. దాన్ని మొదలుపెట్టి ఎన్నో ఏళ్లు చూసుకున్నవాడు ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే అమెరికావాడు. మనదంతా అందులో కోల్‌కతా పేరుతో ఉంది. 1942 నాటి యుద్ధపు గంట కూడా నమోదయి ఉంది. గుమ్మఘట్టలోని ఫోను కూడా లోలోపల కోల్‌కతా అనే అనుకుంటుంది. ప్రభుత్వాలు ముందుగా చెబితే పట్టిక సరిదిద్దుతారు. హఠాత్తుగా మార్చితే పట్టిక వెనుకబడుతుంది, ఫోన్లు అబద్ధం చెబుతాయి.

అమెరికా 2005లో ఒక చట్టం చేసి 2007 నుండి ఈ వేసవి గంటను మార్చి రెండో ఆదివారానికి ముందుకు జరిపింది. అంతకుముందు అది ఏప్రిల్‌లో మొదలయ్యేది. పాత తేదీ నేర్చుకున్న యంత్రాలన్నిటికీ కొత్త తేదీ నేర్పవలసి వచ్చింది. 2000 సంవత్సరపు కంప్యూటరు భయం నాడు సముద్రం దాటిన మన తెలుగు పిల్లలకు అది మరల వచ్చిన చిన్న పాటి గండం. 2010లో గడియారం వెనక్కు తిప్పిన రోజుల్లో ఐరోపాలో ఐఫోన్ల అలారాలు ఒక గంట ఆలస్యంగా మోగి ఎంతోమంది పనికి ఆలస్యమయ్యారు. గంట వెనక్కు పోయే రాత్రి ఒంటిగంట నుండి రెండు వరకు గల కాలం రెండుసార్లు వస్తుంది. 2016 నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలో కవలలు పుట్టారు. మొదటివాడు 1:39కి, రెండవవాడు ముప్పై ఒక్క నిమిషం తరువాత 1:10కి! కాగితం ప్రకారం తమ్ముడే అన్న. ఏశావు యాకోబుల కాలంలో ఈ ఏర్పాటు ఉంటే చిక్కుడుకాయల వంటకం అవసరం లేకపోయేది.

లెబనోను సంగతి నవ్వుకోదగినది కాదు. 2023 మార్చిలో ఆ దేశ ప్రధాని రంజాను ముగిసేవరకు గడియారం తిప్పవద్దని, తిప్పవలసిన రోజుకు రెండు మూడు రోజుల ముందు ప్రకటించాడు. మారోనైట్ క్రైస్తవ సంఘం అందుకు ఒప్పుకోలేదు. తాము తిప్పుతామని చెప్పింది. కొన్ని బళ్లు, టీవీలు సంఘం పక్షం, ప్రభుత్వ కార్యాలయాలు మరో పక్షం. ఒకే వీధిలో రెండు కాలాలు. ఫోన్లు కొన్ని తిరిగాయి, కొన్ని తిరగలేదు. చేత్తో సరిచేసుకోమని ఫోను కంపెనీలు జనాన్ని కోరాయి. నాలుగైదు రోజులకు ప్రభుత్వం వెనక్కు తగ్గింది. ఎవరి పక్షం న్యాయమో చెప్పడం నా పని కాదు. అయితే పొరుగువాడితో గడియారం దగ్గర కూడా తగవు పెట్టుకోవడం ఎంత తేలికో అక్కడ కనబడింది.

గడియారం చేతిలో లేనివాడే దాని దెబ్బ తింటాడన్నది మన రైతులకు కొత్త కాదు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చిన తరువాత చాలా ఏళ్లు రోజుకు ఏడు గంటలు ఇచ్చేవారు; అందులో కొంత రాత్రి వంతు. వంతు మారితే రైతు నిద్ర మారాలి. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గరకు పోయేవాడికి పాము, షాకు రెండూ భయమే. అందుకే ఆటో స్టార్టరు బిగించుకునేవారు. కరెంటు వస్తే మోటారు దానంతట అదే తిరుగుతుంది. ఎక్కడో కూర్చున్నవారు వేళ నిర్ణయిస్తే ఇక్కడివారు లేచి నడవాలి.

బెంగుళూరులో రాత్రి ఉద్యోగం చేసే పిల్లలది కూడా అదే బ్రతుకు. మా ఎరుకలోని ఒక అబ్బాయి అమెరికా ఆసుపత్రుల బిల్లులు చూసే పని చేస్తున్నాడు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అయ్యేసరికి అతడు కుర్చీలో ఉండాలి. వేసవిలో అది మన సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. నవంబరులో పని తెల్లవారుజాము మూడున్నరకు బదులు నాలుగున్నరకు ముగుస్తుంది. మారిన మొదటి వారం కారు పాత వేళకే వచ్చి వెళ్లిపోతుంది, భోజనం పాత వేళకే చల్లారిపోతుంది, హాజరు వేసే యంత్రం ఆలస్యమని చూపుతుంది. భారతదేశంలో ఉంటూ అమెరికా గడియారం తిప్పుకుంటున్నవారు ఇలా ఎందరో. వాళ్ల అమ్మ నాతో అన్నది, "సంగటి తిన్నావా అని అడగాలన్నా యాళ తెలియదు అయ్యగారూ."

దీన్ని మానివేయాలని ఆ దేశాల్లోనే చాలామంది అడుగుతున్నారు. ఐరోపా పార్లమెంటు 2019లో మానుదామని ఓటు వేసింది, అమలు కాలేదు. అమెరికా సెనేటు 2022 మార్చిలో ఏడాదంతా వేసవి గంటనే ఉంచుదామని ఏకగ్రీవంగా అన్నది. కింది సభ దాన్ని చేపట్టలేదు. మెక్సికో మాత్రం 2022లో దేశంలో చాలా భాగాన మానివేసింది. నా మట్టుకు నాకు మెక్సికోవారి తెలివి నచ్చింది.

వారు మానేవరకు మన ఇళ్లలో పనికి వచ్చే లెక్క ఇది. పిల్లలు డల్లాస్ వైపు ఉంటే, మార్చి రెండో ఆదివారం నుండి నవంబరు మొదటి ఆదివారం వరకు మనకు ఉదయం ఏడు అయినప్పుడు అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. మిగతా నెలల్లో ఏడున్నరే. న్యూయార్క్, న్యూజెర్సీలలో తొమ్మిదిన్నర, ఎనిమిదిన్నర. కాలిఫోర్నియాలో ఆరున్నర, ఐదున్నర. అరిజోనాలో చాలాచోట్ల గడియారం తిప్పరు, ఏడాదంతా ఆరున్నరే. లండన్‌వారు మార్చి చివరి ఆదివారం తిప్పి, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కు తెస్తారు. మన మధ్యాహ్నం పన్నెండు వారికి వేసవిలో ఏడున్నర, చలికాలంలో ఆరున్నర. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో కాలాలు తలకిందులు గనుక అక్టోబరు మొదటి ఆదివారం ముందుకు జరిపి, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కు తెస్తారు. అమెరికా మార్పు మన ఆదివారపు ఆరాధన ముగిసి భోజనాల వేళకు జరుగుతుంది. ఆ రెండు ఆదివారాల ముందూ వెనుకా పెండ్లిగాని, భూస్థాపనగాని, ఆసుపత్రి సంగతిగాని ఉంటే, "ఇంకా ఎంతసేపు ఉంది" అని అడిగి లెక్క పెట్టుకోండి. "ఇంకా ఇరవై ఏడు గంటలకు" అన్న మాటను ఏ గడియారమూ మార్చలేదు. ఫోనులో పంపే పిలుపుచీటీ అయితే అదే రెండు ఊళ్లకూ సరిచేసుకుంటుంది.

కూతురు డల్లాస్‌లో ఉన్న ఆ ఇంటిలో ఇప్పుడు గోడకు రెండు గడియారాలు ఉన్నాయి. రెండోదాని కింద సుద్దముక్కతో ఊరి పేరు రాశారు. ఏడాదికి రెండుసార్లు మేనల్లుడు స్టూలెక్కి దాని ముల్లు తిప్పుతాడు.

కువైట్‌లో, సౌదీలో, దుబాయిలో బిడ్డలు ఉన్నవారికి ఈ బాధ లేదు. అక్కడ గడియారం తిప్పరు. కువైట్, సౌదీలు మనకంటే రెండున్నర గంటలు వెనుక, దుబాయి గంటన్నర వెనుక. జనవరిలోనైనా జూలైలోనైనా అంతే. వారు ఈ చివరి లెక్కలు దాటవేసి తరువాతి పేజీకి వెళ్లవచ్చు.